పాఠం 14: పాత కారును ఆటోక్రాస్ పోటీకి సిద్ధం చేయడం

14.1 ప్రవేశిక

కిందటి పాఠాల్లో మీరు బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ విడివిడిగా ఎలా పనిచేస్తాయో తెలుసుకున్నారు. ఈ పాఠంలో వాటన్నిటినీ ఒకే బండిలో, ఒకే పని కోసం పరీక్షించడం నేర్చుకుంటారు.

మీరు రాయపూర్ జిల్లా అభన్‌పూర్‌లో ఒక షెడ్డులో పనిచేస్తున్నారనుకుందాం. ఆ ఊరి మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పోతుంది. అది ధమ్తరీ, జగ్దల్‌పూర్, కోంటా దాటి, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం చేరుతుంది. ఆ దారిలో వచ్చే లారీలూ, చుట్టుపక్కల పొలాల ట్రాక్టర్లూ మీ షెడ్డుకు రోజూ వచ్చే బళ్లు. ఒక ఉదయం ఒక యువకుడు తన తండ్రి వాడిన పాత ప్రీమియర్ పద్మిని కారును తోలుకొచ్చాడు. "దీన్ని ఆటోక్రాస్ పోటీకి తయారు చేయాలి. ఇంజనుకు బలం పెంచండి. నా దగ్గర ఉన్న డబ్బు ఇంతే" అన్నాడు.

మీరు ఏమి జవాబు చెబుతారు? ఏ పని ముందు మొదలుపెడతారు? ఆ అబ్బాయి అడిగిన పని ముందు చేయాలా, బండికి అవసరమైన పని ముందు చేయాలా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ పాఠం.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆటోక్రాస్ అంటే ఏమిటో వివరించగలుగుతారు;
• వెనుక చక్రాలతో నడిచే కారు మలుపులో ఎలా ప్రవర్తిస్తుందో చెప్పగలుగుతారు;
• బ్రేకు వేసినప్పుడు బరువు ఎంత ముందుకు మారుతుందో లెక్క కట్టగలుగుతారు;
• పాత కారును పోటీకి సిద్ధం చేసే పనులను సరైన వరుసలో చేయగలుగుతారు;
• ఏ కారును పోటీకి పంపకూడదో నిర్ణయించగలుగుతారు.

14.3 ఆటోక్రాస్ అంటే ఏమిటి?

మూసిన మైదానంలో ప్లాస్టిక్ కోన్లతో మలుపుల దారి గీస్తారు. సాధారణంగా ఒక్కొక్క కారు విడిగా ఆ దారిలో నడుస్తుంది. తక్కువ సమయంలో పూర్తి చేసినవారు గెలుస్తారు. కోనును తగిలితే నిబంధనల ప్రకారం సమయం కలుపుతారు. పక్కన ఇంకో కారు ఉండదు కాబట్టి ఢీకొనే ప్రమాదం తక్కువ. దారి పొడవునా మలుపులే కాబట్టి వేగం కూడా పెద్ద రేసుల కంటే తక్కువగానే ఉంటుంది.

అమెరికాలో ఈ పోటీలు ఎక్కువగా తారు లేదా కాంక్రీటు వేసిన విశాలమైన పార్కింగ్ స్థలాల్లో, పాత విమానాశ్రయాల్లో జరుగుతాయి. అక్కడ ఎమ్‌జీబీ, 1989లో వచ్చిన మాజ్దా ఎమ్‌ఎక్స్-5 వంటి రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లను ఇందుకు వాడతారు. మన దేశంలో ఆటోక్రాస్ చాలాచోట్ల మట్టి మైదానంలో జరుగుతుంది. మోటారు క్రీడలను ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా పర్యవేక్షిస్తుంది. దాని గుర్తింపు ఉన్న పోటీలో పాల్గొనడానికి లైసెన్సు కావాలి.

స్పోర్ట్స్ కార్లు మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో దొరకవు. వెనుక చక్రాలతో నడిచే పాత కారు అంటే మనకు గుర్తొచ్చేవి అంబాసిడర్, పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ వంటివి. చెన్నై దగ్గరి షోలవరంలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద కొన్ని దశాబ్దాలపాటు కార్ల పందేలు జరిగాయి. ఇంటి అవసరాలకు కొన్న ఫియట్ కార్లను మార్చి అక్కడ పరుగెత్తించినవారు ఎందరో ఉన్నారు. కాబట్టి ఆ యువకుడి కోరిక కొత్తదేమీ కాదు.

14.4 మన ముందున్న కారు

ఇటలీకి చెందిన ఫియట్ 1100 కారును బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్ పేరుతో తయారు చేసింది. 1974 నుంచి దానికి ప్రీమియర్ పద్మిని అనే పేరు స్థిరపడింది. కొత్త శతాబ్దం మొదట్లో తయారీ ఆగిపోయింది. ముంబయి వీధుల్లో దశాబ్దాలు తిరిగిన పద్మిని టాక్సీల కాలం కూడా 2023 అక్టోబరుతో ముగిసింది. అంటే మీ ముందున్న కారు ఎంత కొత్తదైనా ఇరవై ఏళ్లు దాటినదే.

దాని ముఖ్య వివరాలు గమనించండి:
• ఇంజను ముందుంటుంది. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, పెట్రోలు, కార్బురేటరు. శక్తి సుమారు 40 హార్స్‌పవర్.
• శక్తి పొడవాటి షాఫ్టు ద్వారా వెనుక చక్రాలకు పోతుంది.
• ముందు కాయిల్ స్ప్రింగులు. వెనుక లీఫ్ స్ప్రింగులు, అంటే లారీలకు ఉండేలాంటి కమాన్ కట్టలు.
• నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు.
• బరువు సుమారు 900 కిలోలు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2.34 మీటర్లు.
• విడిగా చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్‌గా పనిచేస్తుంది.

చివరి అంశం బాగా గుర్తుంచుకోండి. లారీకి బాడీ తుప్పు పడితే చాసిస్ నిలబడుతుంది. ఈ కారులో బాడీ తుప్పు పడితే చాసిస్ తుప్పు పట్టినట్టే.

14.5 వెనుక చక్రాలు నెట్టే కారు మలుపులో ఏమి చేస్తుంది?

ఎద్దుబండిని ఎద్దులు ముందు నుంచి లాగుతాయి. తోపుడు బండిని మనం వెనుక నుంచి నెడతాం. ముందు చక్రాలతో నడిచే కారు ఎద్దుబండి వంటిది. పద్మిని తోపుడు బండి వంటిది. తోపుడు బండిని మలుపులో గట్టిగా నెడితే దాని వెనుక భాగం పక్కకు పోవడం మీరు చూసే ఉంటారు.

టైరు నేలను పట్టుకునే శక్తికి ఒక హద్దు ఉంటుంది. ఆ పట్టును టైరు మూడు పనులకు పంచుకోవాలి: ముందుకు నెట్టడం, ఆపడం, తిప్పడం. ఒక పనికి ఎక్కువ ఖర్చయితే ఇంకో పనికి తక్కువ మిగులుతుంది. మలుపు మధ్యలో ఆక్సిలరేటరు గట్టిగా తొక్కితే వెనుక టైర్ల పట్టంతా నెట్టడానికే ఖర్చవుతుంది. పక్కకు నిలబెట్టే పట్టు మిగలదు. కారు వెనుక భాగం బయటికి జారుతుంది. దీన్ని ఓవర్‌స్టీర్ అంటారు. వేగంగా వచ్చి స్టీరింగు ఒక్కసారిగా తిప్పితే ముందు టైర్లు జారి కారు నేరుగా పోతుంది. దీన్ని అండర్‌స్టీర్ అంటారు.

మలుపులో కావలసిన పట్టును ఈ సూత్రంతో లెక్కించవచ్చు:

అభికేంద్ర త్వరణం = వేగం × వేగం ÷ మలుపు వ్యాసార్ధం

ఉదాహరణ: మలుపు వ్యాసార్ధం 20 మీటర్లు. వేగం గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు. త్వరణం 10 × 10 ÷ 20 = 5. ఇప్పుడు వేగాన్ని సెకనుకు 12 మీటర్లకు పెంచుదాం. అది గంటకు సుమారు 43 కిలోమీటర్లు. త్వరణం 12 × 12 ÷ 20 = 7.2. వేగం పెరిగింది నూటికి 20 వంతులే. కావలసిన పట్టు మాత్రం నూటికి 44 వంతులు పెరిగింది.

దీనివల్ల మనకు తెలిసేది ఏమిటి? ఆటోక్రాస్ దారిలో కారును ఆపేది ఇంజను బలం లేకపోవడం కాదు, టైర్ల పట్టు చాలకపోవడం. ఇంజనుకు ఇంకో పది హార్స్‌పవర్ చేర్చినా మలుపులో దాన్ని వాడుకునే చోటు తక్కువ.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. టైరు పట్టు ఏ మూడు పనులకు పంచబడుతుంది?
2. మలుపు వ్యాసార్ధం 15 మీటర్లు, వేగం సెకనుకు 9 మీటర్లు అయితే అభికేంద్ర త్వరణం ఎంత?

14.6 బరువు ఎక్కడికి పోతుంది?

బస్సులో నిలబడ్డప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు. కారు బరువు కూడా అలాగే ముందు చక్రాల మీదికి వస్తుంది. ఎంత వస్తుందో ఇలా లెక్కిస్తారు:

మారే బరువు = మొత్తం బరువు × బ్రేకు బలం × గరిమనాభి ఎత్తు ÷ చక్రాల మధ్య దూరం

ఇక్కడ బ్రేకు బలం అంటే కారు వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణంలో ఎన్నో వంతు అనేది. గరిమనాభి అంటే బరువంతా ఒకే చోట ఉన్నట్టు లెక్కించే బిందువు.

డ్రైవరుతో కలిపి కారు బరువు 970 కిలోలు, బ్రేకు బలం 0.7, గరిమనాభి ఎత్తు 0.55 మీటర్లు అనుకుందాం. అప్పుడు 970 × 0.7 × 0.55 ÷ 2.34 = సుమారు 160 కిలోలు. నిలిచి ఉన్నప్పుడు ముందు 500, వెనుక 470 కిలోలు ఉన్నాయనుకుంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు 660, వెనుక 310 కిలోలు అవుతాయి. వెనుక టైర్ల మీద బరువు తగ్గింది కాబట్టి వాటి పట్టు కూడా తగ్గింది. వెనుక బ్రేకులు ముందే బిగిసిపోతే ఆ చక్రాలు జారి కారు బొంగరంలా తిరుగుతుంది. మలుపులో బ్రేకు వేయకూడదనీ, మలుపుకు ముందు తిన్నని దారిలోనే వేయాలనీ చెప్పడానికి కారణం ఇదే.

చేసి చూడండి: అభన్‌పూర్ చుట్టుపక్కల బియ్యం మిల్లుల్లో లారీలు తూచే కాటాలు ఉంటాయి. యజమాని అనుమతితో కారును అక్కడికి తీసుకుపోండి. ముందు మొత్తం కారు తూచండి. తరువాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూచండి. మొదటి అంకెలో నుంచి రెండో అంకె తీసివేస్తే వెనుక బరువు వస్తుంది. ఇప్పుడు పై లెక్కను మీ కారు అంకెలతో చేయండి.

14.7 పనుల వరుస

ఈ పాఠంలోని ముఖ్యమైన విషయానికి వచ్చాం. పనులను ఈ వరుసలో చేయాలి:

ఒకటి, బాడీ. రెండు, బ్రేకులు. మూడు, స్టీరింగు, సస్పెన్షన్. నాలుగు, టైర్లు. అయిదు, డ్రైవరు రక్షణ. ఆరు, ఇంజను.

డబ్బు మధ్యలో అయిపోతే అయిపోయిన చోటే పని ఆపాలి. అంతేగాని ముందు మెట్టు వదిలేసి చివరి మెట్టుకు దూకకూడదు. ఇంజను మామూలుగా ఉండి బ్రేకులు బాగున్న కారు పోటీలో చివర నిలవవచ్చు. ఇంజను బలంగా ఉండి బ్రేకులు పాడైన కారు మైదానం దాటి మనుషుల మధ్యకు పోతుంది.

14.7.1 బాడీ

కారును సమతల నేల మీద నిలిపి, జాకీతో ఎత్తి, స్టాండుల మీద నిలపండి. ఇటుకలు, రాళ్లు పెట్టి కిందికి దూరకండి. ఇటుక ముందుగా చెప్పకుండానే పగులుతుంది.

మట్టి కడిగి ఆరనివ్వండి. చిన్న స్క్రూడ్రైవరుతో ఈ చోట్ల నొక్కి చూడండి: ఫ్లోరు, తలుపుల కింది పట్టీలు, కమాన్ కట్టలు బాడీకి తగిలే చోట్లు, జాకీ పెట్టే చోట్లు, స్టీరింగు పెట్టె బిగించిన చోటు, సీటు బెల్టు బోల్టులు. స్క్రూడ్రైవరు లోపలికి దిగితే అక్కడ ఇనుము లేదు, తుప్పూ పెయింటూ మాత్రమే ఉన్నాయి. కుళ్లిన భాగం కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. పుట్టీ పెట్టి రంగు వేస్తే కన్ను మోసపోతుంది, బోల్టు మోసపోదు.

14.7.2 బ్రేకులు

ముందుగా ఒక హెచ్చరిక. పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా హానికరం. డ్రమ్ము విప్పినప్పుడు గాలి పైపుతో ఊదకండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయండి.

తరువాత ఈ పనులు చేయండి:
• రబ్బరు గొట్టాలు వంచి చూడండి. పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే మార్చండి. వయసు తెలియకపోతే పగుళ్లు లేకపోయినా మార్చండి.
• ఇనుప పైపుల మీద తుప్పు గుంటలు ఉన్నాయేమో చూడండి.
• చక్రాల సిలిండర్ల రబ్బరు తొడుగు ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే సీలు పోయినట్టే.
• లైనరు మీద గ్రీజు లేదా నూనె పడితే కడిగి వాడకండి, మార్చండి. అటూ ఇటూ జతగా మార్చాలి. ఒక వైపే మారిస్తే కారు ఒక పక్కకు లాగుతుంది.
• డ్రమ్ము గుండ్రంగా లేకపోతే పెడలు కాలి కింద కొట్టుకుంటుంది.
• బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చండి.

బ్రేక్ ఆయిల్ ఎందుకు మార్చాలి? అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక అదే ప్రమాణం 155 డిగ్రీలే. మళ్లీ మళ్లీ బ్రేకు వేసినప్పుడు డ్రమ్ములు కాగుతాయి, ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడలు నేలదాకా దిగుతుంది, కారు ఆగదు. షెడ్డు ముందు నెమ్మదిగా నడిపి చూస్తే ఈ లోపం బయటపడదు. అది పోటీలోనే, కారు బాగా కాగినప్పుడే బయటపడుతుంది.

గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. పని అయ్యాక పెడలును ఒక నిమిషం గట్టిగా తొక్కి ఉంచండి. మెల్లగా దిగిపోతే ఎక్కడో కారుతున్నట్టు.

14.7.3 స్టీరింగు, సస్పెన్షన్

ముందు చక్రాన్ని ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగు గాని, కింగ్‌పిన్ లేదా బాల్ జాయింటు గాని అరిగి ఉండవచ్చు. ఏది అరిగిందో తెలియాలంటే ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమని చెప్పి మళ్లీ ఊపండి. కదలిక పోతే లోపం బేరింగులో ఉంది. పోకపోతే జాయింట్లలో ఉంది. తరువాత కుడి ఎడమల పట్టుకుని ఊపండి. ఇక్కడ కదిలితే టై రాడ్ చివర్లు చూడండి.

వెనుక కమాన్ కట్టల్లో విరిగిన పట్టీ ఉందేమో, మధ్య బోల్టు తెగిందేమో, యూ బోల్టులు వదులయ్యాయేమో చూడండి. కారు కిందికి దిగాలని కొందరు ఒక పట్టీ తీసేస్తారు. అలా చేయకండి. మిగిలిన పట్టీల మీద భారం పెరుగుతుంది. ఇరుసు కూడా పట్టు తప్పి మెలి తిరుగుతుంది. షాక్ అబ్జార్బర్లు కారుతుంటే మార్చండి. అరిగిన బుష్‌లు మారిస్తే పాత కారు స్టీరింగు ఎంతో మెరుగుపడుతుంది. ఖర్చు కూడా కొద్దిదే.

కొందరు డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేసి రెండు వెనుక చక్రాలూ ఒకేలా తిరిగేటట్టు చేస్తారు. రోడ్డు మీద నడిచే కారుకు ఇది తగదు. మలుపుల్లో కారు తిరగనంటుంది, షాఫ్టులు విరుగుతాయి. లోపలి చక్రం ఊరికే తిరిగిపోతుంటే ఆక్సిలరేటరు కొద్దిగా తగ్గించడమే మందు.

ఇవన్నీ సరయ్యాకే చక్రాల వరుస కొలవండి. జాయింట్లు అరిగిన కారుకు ఎలైన్‌మెంట్ చేయించడం గాలికి గుడ్డ కట్టినట్టే.

14.7.4 టైర్లు

టైరు పక్కన డాట్ అనే గుర్తు తరువాత చివర నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గుబ్బలు మిగిలి ఉన్నా, పక్క గోడలు పగిలిన టైరును వాడకూడదు. నాలుగు టైర్లూ ఒకే రకంగా ఉంటే మంచిది. కనీసం ఒక ఇరుసు మీది రెండూ ఒకే రకంగా ఉండాలి.

గాలి తయారీదారు చెప్పిన అంకెతో మొదలుపెట్టండి. గట్టి నేల అయితే టైరు అంచు మీద సుద్దముక్కతో గీత గీయండి. ఒక పరుగు తరువాత గీత పక్క గోడ మీదికి కూడా చెరిగిపోతే గాలి తక్కువ. అంచు దాకా చెరగకపోతే గాలి ఎక్కువ. ఒక్కసారి రెండు పౌండ్లు మాత్రమే మార్చి చూడండి. మట్టిలో గాలి మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది.

14.7.5 డ్రైవరు రక్షణ

స్టెప్నీ, జాకీ, పనిముట్లు, మ్యాట్లు, నీళ్ల సీసా, దేవుడి బొమ్మ దగ్గరి కొబ్బరికాయ, అన్నీ దింపండి. వదులుగా ఉన్న ఏ వస్తువైనా పెడలు కిందికి దొర్లవచ్చు. బ్యాటరీ కదలకుండా బిగించండి. సీటు బోల్టులు, బెల్టు సరిచూడండి. హెల్మెట్టు, మూసిన బూట్లు, పొడుగు చేతుల నూలు బట్టలు తప్పనిసరి. మంటలార్పే సిలిండరు చేతికందేచోట బిగించండి. మిగతా వివరాలు పోటీ నిర్వాహకుల నిబంధనల్లో ఉంటాయి. ముందే తెప్పించుకుని చదవండి.

14.7.6 ఇంజను

ఇప్పటికి ఆ యువకుడు అడిగిన పని దగ్గరికి వచ్చాం. ముందు ఇంజనుకు ఉన్న బలం పూర్తిగా వస్తోందో లేదో చూడండి. ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవండి. ఒకటి మిగతా వాటికంటే బాగా తక్కువగా ఉంటే వాల్వు, రింగు, గాస్కెట్ చూడాలి. ప్లగ్గులు, కాంటాక్ట్ పాయింట్ల ఖాళీ, టైమింగు సరిచేయండి. గాలి ఫిల్టరు మార్చండి.

మలుపుల్లో ఆయిల్ చాంబరులో ఒక పక్కకు పోతుంది. డిప్‌స్టిక్ మీద పై గీత దాకా ఆయిల్ ఉంచండి. కార్బురేటరు లివరుకు రెండో స్ప్రింగు తగిలించండి. ఒకటి తెగినా రెండోది లివరును మూస్తుంది. కొద్ది రూపాయల ఈ స్ప్రింగు ప్రాణం కాపాడవచ్చు. పెట్రోలు గొట్టాలు, క్లిప్పులు, రేడియేటరు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు మార్చండి.

ఇంతవరకు చేసిన తరువాత చాలామంది ఇంజను బలం పెంచాలన్న మాటే మరిచిపోతారు. కారు అంతకుముందు ఎప్పుడూ ఇంత బాగా నడవలేదు కదా!

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. తేమ చేరిన బ్రేక్ ఆయిల్ వల్ల కారు ఎందుకు ఆగకపోవచ్చు?
4. చక్రం పైనా కిందా ఊగుతోంది. బ్రేకు తొక్కినా ఊగుతోంది. లోపం ఎక్కడ?
5. టైరు మీద 0821 అని ఉంటే అర్థం ఏమిటి?

14.8 చట్టం, మైదానం

అభన్‌పూర్‌కు దగ్గరలోనే నవ రాయపూర్ అటల్ నగర్ ఉంది. అక్కడి రోడ్లు విశాలమైనవి, కొన్ని వేళల్లో ఖాళీగా కనిపిస్తాయి. తయారైన కారును అక్కడ ఒకసారి పరుగెత్తించి చూడాలనిపిస్తుంది. ఆ పని చేయకండి, చేయనివ్వకండి. ప్రజల రోడ్డు మీద పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి నేరానికి మూడు నెలల వరకు జైలు గాని, అయిదు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని ఉంటాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ రోడ్డు మీద సైకిలు మీద ఇంటికి పోయే కూలీకి కోన్లు అడ్డం ఉండవు.

అదే చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల తరువాత అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. కారును రోడ్డు మీద నడిపి మైదానానికి తీసుకుపోయే ముందు ఆ కాగితాలు చూడండి.

14.9 పోటీ రోజు

ఉదయమే చేరి దారిని కాలినడకన తిరగండి. డ్రైవరు తన కంటితో ఏ కోను దగ్గర బ్రేకు వేయాలో, ఎక్కడ తిప్పాలో గుర్తుపెట్టుకోవాలి. మొదటి పరుగు నెమ్మదిగా పూర్తి చేయాలి. కారు తిరిగిపోతే క్లచ్చు, బ్రేకు రెండూ కలిపి తొక్కాలి.

ప్రతి పరుగు తరువాత చక్రాల నట్లు, ఆయిల్, నీళ్ల వేడి, బ్రేకు పెడలు చూడండి. ఒక నోటుపుస్తకంలో పరుగు సంఖ్య, సమయం, గాలి, డ్రైవరు చెప్పిన మాట రాయండి. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనికొచ్చిందో తెలియదు.

14.10 ఆ యువకుడికి ఏమి చెప్పాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆ యువకుడు డబ్బిస్తున్నాడు కాబట్టి అతను చెప్పిందే చేయాలని మీకు అనిపించవచ్చు. కాదంటే ఇంకో షెడ్డుకు పోతాడేమోనన్న భయం కూడా ఉండవచ్చు. ఆ భయం న్యాయమైనదే. అయితే కాదనడానికి ఒక పద్ధతి ఉంది.

అతన్ని కారు దగ్గరికి పిలవండి. చక్రం ఊపి చూపండి. స్క్రూడ్రైవరు దిగిన చోటు చూపండి. పాత బ్రేక్ ఆయిల్‌ను, కొత్త ఆయిల్‌ను రెండు గాజు సీసాల్లో పోసి పక్కపక్కన పెట్టండి. అప్పుడు "బాబూ, నీ డబ్బుతో ఈ నాలుగు పనులూ అవుతాయి. ఇంజను వచ్చే ఏడాది చూద్దాం" అని చెప్పండి. చూసినవాడు చాలావరకు ఒప్పుకుంటాడు.

ఒప్పుకోకపోతే, బ్రేకులు సరిగా లేని కారును పోటీకి తయారుచేసి ఇవ్వకండి. ఆ రోజు కూలి పోతుంది. కాని తాళంచెవి మీ చేతిలో నుంచి అతని చేతిలోకి పోయేటప్పుడు, ఆ కారు ఆగుతుందన్న మాట కూడా మీరు ఇస్తున్నారు. ఆ మాట నిజమై ఉండాలి.

14.11 మీరు ఏమి నేర్చుకున్నారు

• ఆటోక్రాస్‌లో సమయాన్ని నిర్ణయించేవి ముఖ్యంగా టైర్ల పట్టు, బ్రేకులు, డ్రైవరు నేర్పు.
• వెనుక చక్రాలతో నడిచే కారులో మలుపు మధ్య ఎక్కువ ఆక్సిలరేటరు తొక్కితే వెనుక భాగం జారుతుంది.
• బ్రేకు వేస్తే బరువు ముందుకు మారుతుంది. వెనుక టైర్ల పట్టు తగ్గుతుంది.
• పనుల వరుస: బాడీ, బ్రేకులు, స్టీరింగు–సస్పెన్షన్, టైర్లు, రక్షణ, ఇంజను.
• పరుగు మూసిన మైదానంలో, అనుమతి ఉన్న పోటీలోనే.

14.12 పాఠాంత ప్రశ్నలు

1. ఇంజనుకు ముందు బ్రేకుల మీద ఖర్చు పెట్టాలని ఎందుకు చెబుతాం? రెండు కారణాలతో వివరించండి.
2. డ్రైవరుతో కలిపి 1000 కిలోల కారు. బ్రేకు బలం 0.6, గరిమనాభి ఎత్తు 0.55 మీటర్లు, చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు. ముందుకు మారే బరువు ఎంత?
3. మీ ఊళ్లో ఉన్న ఒక పాత కారును యజమాని అనుమతితో పరిశీలించి, 14.7లోని వరుసలో లోపాల పట్టిక తయారు చేయండి. ఒక్కో పనికి అయ్యే ఖర్చు మీ ఊరి ధరల్లో రాయండి.

14.13 ప్రగతి ప్రశ్నలకు జవాబులు

1. నెట్టడం, ఆపడం, తిప్పడం.
2. 9 × 9 ÷ 15 = 5.4.
3. ఆయిల్ తక్కువ వేడికే మరిగి ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కుకుపోవడం వల్ల పెడలు ఒత్తిడి చక్రాలకు చేరదు.
4. కింగ్‌పిన్ లేదా బాల్ జాయింటులో.
5. 2021వ సంవత్సరం 8వ వారంలో తయారైన టైరు.

పాఠాంత ప్రశ్న 2కు జవాబు: 137.5 కిలోలు. మీ లెక్క వేరుగా వస్తే 14.6 మళ్లీ చదివి ఇంకొకసారి చేయండి.